బోటుకి బ్రేకులుండవు: లేక్ మీదకి వెళ్ళే ముందు ఒక్కసారి ఇది వినండి

ఈరోజు ఎపిసోడ్ కొంచెం వేరే. ఫోన్లు లేవు, యాప్‌లు లేవు, ఏ కొత్త అప్‌డేటూ లేదు. ఈరోజు బోట్ల గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

మన దగ్గర హుస్సేన్‌సాగర్‌లో స్పీడ్ బోట్ ఎక్కితే ఏం చేస్తాం? టికెట్ కొంటాం, జాకెట్ వేసుకుంటాం, సెల్ఫీ తీసుకుంటాం. నడిపేది ఇంకొకరు. కానీ అమెరికా వెళ్ళిన మన బ్యాచ్‌లు ఏం చేస్తాయంటే, సమ్మర్ రాగానే పది మంది కలిసి డబ్బులు వేసుకుని లేక్ మీద పాంటూన్ బోటో, జెట్ స్కీలో రెంట్‌కి తీసుకుంటారు. అక్కడ నడిపేది మనమే. కారు లైసెన్స్ చూపిస్తాం, ఒక పేపర్ మీద సంతకం పెడతాం, పది నిమిషాల్లో తాళం చేతికొచ్చేస్తుంది. నేను డాలస్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అచ్చం ఇలాగే చేశాను. ఆరోజు జరిగింది ముందు చెప్తా, ఎందుకంటే ఈ ఎపిసోడ్ మొత్తం దాని నుంచే వచ్చింది.

మా రూమ్మేట్ వాళ్ళ అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. వాళ్ళని సరదాగా తిప్పుదామని పాంటూన్ తీసుకున్నాం. పాంటూన్ అంటే తెలియనివాళ్ళకి: రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద ఒక ప్లాట్‌ఫామ్, దాని మీద సోఫాలు, చుట్టూ రెయిలింగ్, వెనక మోటారు. తేలే డ్రాయింగ్ రూమ్ అనుకోండి. మొత్తం పదకొండు మందిమి. అందులో ఈత వచ్చినవాళ్ళు ముగ్గురు. నేను ఆ ముగ్గురిలో లేను. డ్రైవర్‌ని మాత్రం నేనే.

రెంట్ ఇచ్చినతను బోటు చూపిస్తూ గబగబా చెప్పుకుంటూ పోయాడు. స్టీరింగ్ దగ్గర ఒక ఎర్ర మెలికల తాడు వేలాడుతోంది. "దీన్ని ఒంటికి తగిలించుకో" అన్నాడు. నేను సరే అని తల ఊపి, బయల్దేరాక అడ్డంగా ఉందని కప్ హోల్డర్‌లో పడేశాను. గుర్తుపెట్టుకోండి, ఆ తాడు కప్ హోల్డర్‌లో ఉంది.

అంకుల్‌కి ముందు వైపు బాగా నచ్చింది. గాలి బాగా వస్తోందని ముందు గేటు తీసి, అంచున కూర్చుని కాళ్ళు కిందకి వేలాడేశారు. మన ఊర్లో కాలువ గట్టు మీద కూర్చున్నట్టు. చూడటానికి చాలా బాగుంది, నేను ఫొటో కూడా తీయించాను. ఆంటీ మాత్రం ఒకటే గోల: "ఆ జాకెట్ వేసుకోండి ముందు." "ఎండకి ఉక్కపోస్తోందే" అని ఈయన. "ఉక్కపోస్తే పోనివ్వండి, నా కోసం వేసుకోండి" అని ఆవిడ. చివరికి విసుక్కుంటూనే వేసుకున్నారు.

ఒక పదిహేను నిమిషాల తర్వాత పక్కనుంచి ఒక పెద్ద బోటు వెళ్ళింది. దాని అల మా ముందుకి వచ్చింది. పాంటూన్ ముక్కు ఆ అలలోకి దిగింది, ఒక బకెట్‌తో కొట్టినట్టు నీళ్ళు ముందుకి ఎక్కేశాయి, అంకుల్ లేరు.

అంతే. అరుపు కూడా లేదు. కూర్చున్న మనిషి లేరు.

ఆ సెకండ్‌లో నా బుర్రలో ఏం జరిగిందో నిజాయితీగా చెప్తా. నా కుడి కాలు కిందకి నొక్కింది. బ్రేక్ కోసం. బోటులో బ్రేక్ ఉండదు. అక్కడ ఉన్నది ఖాళీ ఫ్లోర్. తర్వాత చేత్తో లీవర్ వెనక్కి లాగాను, అది న్యూట్రల్‌లో ఆగింది. అదృష్టం ఏంటంటే మేం చాలా మెల్లగా వెళ్తున్నాం. అంకుల్ రెండు గొట్టాల మధ్యనుంచి కింద నుంచి వచ్చి వెనక మోటారు పక్కన తేలారు. భుజం మీద గీరుకుపోయింది, కళ్ళజోడు పోయింది, మనిషి మాత్రం బతికారు. మేం నిచ్చెన దించి పైకి లాగాక ఆయన అన్న మొదటి మాట, "బాబూ, నా సెల్లు తడిసిందా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ లీవర్ ఇంకొంచెం వెనక్కి లాగి ఉంటే రివర్స్ పడేది. ప్రొపెల్లర్ మళ్ళీ తిరిగేది, ఆయన సరిగ్గా దాని పక్కనే ఉన్నారు. ఆ రాత్రి నిద్రపట్టక కూర్చుని బోటింగ్ కోర్సు మొత్తం చదివాను. బోటు నడిపిన తర్వాత! ఆ చదివిందే మీకు చెప్తున్నా.

మొదట ఆ ఎర్ర తాడు. దాన్ని కిల్ స్విచ్ తాడు అంటారు. ఒక చివర స్విచ్‌కి, ఇంకో చివర డ్రైవర్ ఒంటికి. డ్రైవర్ సీట్లోంచి ఎగిరిపడితే తాడు ఊడుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. ట్రెడ్‌మిల్ మీద ఉండే క్లిప్ చూశారా, సేమ్ కాన్సెప్ట్. ఇది ఎందుకంత ముఖ్యం అంటే, డ్రైవర్ నీళ్ళలో పడి స్టీరింగ్ వదిలేస్తే చాలా చిన్న బోట్లు నేరుగా వెళ్ళిపోవు. ప్రొపెల్లర్ తిరిగే బలానికి స్టీరింగ్ ఒకవైపుకి లాగేసి, బోటు గుండ్రంగా తిరుగుతూ పడిన మనిషి మీదకే మళ్ళీ వస్తుంది. ఒక లెక్క చూడండి. మూడు రెక్కల ప్రొపెల్లర్, నిమిషానికి 3,200 సార్లు తిరుగుతోంది అనుకుందాం. 3,200ని మూడుతో గుణించి 60తో భాగిస్తే 160. అంటే ఒక్క సెకండ్‌లో 160 దెబ్బలు. ఇంకేం చెప్పక్కర్లేదు. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది ఫెడరల్ రూల్ కూడా. 26 అడుగుల లోపు మోటారు బోట్లలో, ఈ స్విచ్ బిగించి ఉంటే, స్పీడ్ అందుకున్నాక డ్రైవర్ ఆ తాడు తగిలించుకుని తీరాలి. కప్ హోల్డర్‌కి తగిలిస్తే ఒప్పుకోరు.

రెండోది, న్యూట్రల్ వేరు, ఆఫ్ వేరు. మనిషి నీళ్ళలో ఉండి, ఎక్కించుకోవడానికి దగ్గరికి వస్తున్నప్పుడు తాళం తిప్పి ఇంజిన్ ఆపేయాలి. నేను ఆపలేదు. ఎవరిదైనా మోచెయ్యి తగిలి లీవర్ కదిలితే చాలు.

మరి మనిషి పడిపోతే ఏం చేయాలి? పడ్డారని గట్టిగా అరవాలి, థ్రాటిల్ వదిలేయాలి. ఒకరు మాత్రం వేరే ఏ పనీ చేయకుండా ఆ మనిషి వైపు వేలు చూపిస్తూనే ఉండాలి. ఇది సినిమాటిక్‌గా అనిపిస్తుంది గానీ, అలల మధ్య ఒక తల ఎంత చిన్నగా కనిపిస్తుందో చూస్తే అర్థమవుతుంది. రెండు సెకండ్లు కళ్ళు తిప్పితే మళ్ళీ దొరకదు. తేలే కుషనో, రింగో విసరాలి. 16 అడుగులు, అంతకంటే పెద్ద బోట్లలో అది ఉండాలని అక్కడ రూలు, కాబట్టి ఎక్కడుందో బయల్దేరే ముందే అడగండి. మాది సీటు కింద కూల్ డ్రింక్ కేసుల వెనక ఉంది. ఈత వచ్చిన హీరో వెంటనే దూకేయకూడదు, ఒకరి బదులు ఇద్దరిని వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంకో విషయం మీ కారు బుర్రకి అస్సలు అర్థం కాదు. కారులో ముందు చక్రాలు తిరుగుతాయి, వెనకవి ఫాలో అవుతాయి. బోటులో తిరిగేది వెనక భాగం. మీరు కుడికి తిప్పితే వెనక ఎడమకి ఈడ్చుకుంటూ పోతుంది. అందుకే మనిషి కుడి పక్కనుంచి పడితే స్టీరింగ్ కుడికే తిప్పాలి, అప్పుడు వెనక ఉన్న ప్రొపెల్లర్ మనిషికి దూరంగా జరుగుతుంది. "అయ్యో అటు ఉన్నాడు" అని ఇటు తిప్పితే వెనక భాగం వెళ్ళి వాడి మీదే పడుతుంది. మా అంకుల్ పడింది నేరుగా ముందుకి, అక్కడ స్టీరింగ్ ఏమీ చేయలేదు. అందుకే కాళ్ళు వేలాడేసి ముందు కూర్చోవడం అన్నిటికంటే డేంజర్. గేటు మూసి, రెయిలింగ్ లోపల కూర్చోవాలి. పైగా అందరూ ఫొటో కోసం ముందుకి వస్తే పాంటూన్ ముక్కు బరువుకి దిగిపోతుంది, చిన్న అల కూడా లోపలికి వచ్చేస్తుంది. ఆరోజు మావాళ్ళు నలుగురు ముందే ఉన్నారు. అల తప్పు సగం, మా తప్పు సగం.

జెట్ స్కీ గురించి వేరేగా చెప్పాలి. మనవాళ్ళు దాన్ని బైక్ అనుకుంటారు. హ్యాండిల్ ఉంది, సీటు ఉంది, బైక్ లాగే ఉంది. కానీ దానికి నీళ్ళలో చుక్కాని లేదు. వెనక పైపులోంచి నీళ్ళు చిమ్మితేనే ముందుకెళ్తుంది, ఆ చిమ్మే దిక్కు మారితేనే తిరుగుతుంది. ఇప్పుడు ఎదురుగా ఏదో అడ్డం వచ్చింది. బైక్ మీద మనం ఏం చేస్తాం? యాక్సిలరేటర్ వదిలేసి హ్యాండిల్ తిప్పుతాం. జెట్ స్కీ మీద యాక్సిలరేటర్ వదిలేస్తే నీళ్ళు చిమ్మడం ఆగుతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా అది నేరుగానే వెళ్తుంది. తిరగాలంటే కొంచెం గ్యాస్ ఇవ్వాలి. కొత్త మోడల్స్‌లో దీనికి కొంత సాయం చేసే సిస్టమ్స్ వచ్చాయి, రెంట్ బండిలో ఉందో లేదో మనకి తెలీదు. భయమేసిన క్షణంలో చెయ్యి చేసే పని, ఆ బండికి కావాల్సిన పని, రెండూ పూర్తిగా ఉల్టా. ఫ్రెండ్స్ ఇద్దరు చెరొక జెట్ స్కీ తీసుకుని రేసులు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. 30 మైళ్ళ స్పీడ్ అంటే సెకండ్‌కి 44 అడుగులు. టెక్సాస్‌లో రూల్ ఏంటంటే, ఇంకో బోటుకి గానీ, మనిషికి గానీ, ఒడ్డుకి గానీ 50 అడుగుల లోపుకి వస్తే జెట్ స్కీ అతి మెల్లగా పోవాలి. లెక్క వేసుకోండి, 50 అడుగులంటే ఆ స్పీడ్‌లో సెకండ్ పైన కొంచెం. సూర్యుడు అస్తమించాక జెట్ స్కీ నడపకూడదు కూడా. సన్‌సెట్ రీల్ కోసం ఆగేవాళ్ళు ఇది వినండి.

ఇప్పుడు నెంబర్లు. యూఎస్ కోస్ట్ గార్డ్ ప్రతి ఏడాది లెక్కలు బయటపెడుతుంది. 2023లో సరదా బోటింగ్‌లో 564 మంది చనిపోయారు. ఎలా చనిపోయారో తెలిసినవాళ్ళలో నలుగురికి ముగ్గురు నీళ్ళలో మునిగి పోయినవాళ్ళే. అలా మునిగినవాళ్ళలో 87 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. బోటులో లేదని కాదు, ఒంటి మీద లేదు. చాలా కేసుల్లో జాకెట్ సీటు కింద భద్రంగా ఉండి ఉంటుంది. పడిపోయాక వేసుకోవచ్చులే అనుకోవడం ఎలాంటిదంటే, యాక్సిడెంట్ అవుతున్నప్పుడు సీట్ బెల్ట్ పెట్టుకుందాం అనుకోవడం లాంటిది.

మనకి ఈ పాఠం కొత్త కాదు. 2019 సెప్టెంబర్ 15, గోదావరి, కచ్చులూరు దగ్గర పాపికొండలు టూరిస్ట్ బోటు. వరదలో ఉన్న నది. ఆ పేర్లు చదివిన ఇళ్ళు ఇక్కడ ఎన్నో ఉన్నాయి, ఎక్కువ మాట్లాడను. అది కంపెనీ నడిపిన పెద్ద బోటు, మనం మాట్లాడుకునే రెంట్ బోటు వేరు. కానీ ఆ రెంట్ బోటులో అడ్మిన్ ఎవరు? మీరే. ఎక్కినవాళ్ళందరి బాధ్యత స్టీరింగ్ ముందు కూర్చున్నవాడిది.

జాకెట్ సైజు చూసుకోవడం చాలా ఈజీ. బకిల్స్ అన్నీ పెట్టుకుని చేతులు పైకెత్తండి, పక్కవాడిని భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే మీకు పెద్దది. చిన్నపిల్లలకి పెద్దవాళ్ళది తొడిగి "ఏం కాదులే" అనకండి, పిల్లలు కిందనుంచి జారిపోతారు. టెక్సాస్‌లో 26 అడుగుల లోపు బోట్లలో, బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్ళ లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి. ఆంటీలు చీర మీద వేసుకోవడానికి మొహమాటపడతారు. బలవంతం చేయండి. చీర తడిస్తే ఎంత బరువవుతుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

చలి కూడా ఒక విషయం. మార్చిలో టెక్సాస్‌లో పైన ఎండ బాగానే ఉంటుంది, లేక్ నీళ్ళు మాత్రం ఇంకా చల్లగానే ఉంటాయి. చల్లటి నీళ్ళలో సడన్‌గా పడితే మొదటి నిమిషం ఊపిరి మన కంట్రోల్‌లో ఉండదు, ఎగపీల్చేస్తాం. ఆ ఎగపీల్చేటప్పుడు నోరు నీళ్ళలో ఉంటే అయిపోయింది. తర్వాత సుమారు పది నిమిషాల్లో చేతులు, వేళ్ళు మాట వినడం మానేస్తాయి. ఈత వచ్చినవాళ్ళు కూడా అందుకే పోతారు. జాకెట్ ఆ మొదటి నిమిషం కోసం.

ఇక మందు. నేను నీతులు చెప్పే టైప్ కాదు, మీకు తెలుసు. కానీ కోస్ట్ గార్డ్ లెక్కల్లో, ప్రాణాలు పోయిన యాక్సిడెంట్లకి తెలిసిన కారణాల్లో మొదటిది మద్యం. ఎండ, ఇంజిన్ వైబ్రేషన్, ఊగడం, ఇవన్నీ కలిసి మామూలుగానే మనిషి అలిసిపోతాడు, దాని మీద బీరు పడితే రోడ్డు మీద కంటే తొందరగా ఎక్కుతుంది. టెక్సాస్‌లో బోటుకి కూడా కారు లిమిటే, 0.08. దొరికితే మొదటిసారికే జైలుదాకా వెళ్ళొచ్చు. నడిపేవాడు తాగకపోతే సరిపోతుందా అంటే అదీ కాదు, రెయిలింగ్ మీంచి పడేది ఎక్కువగా తాగిన ప్యాసింజరే.

కంటికి కనపడని ఇంకో డేంజర్, కార్బన్ మోనాక్సైడ్. బోటు ఆపి వెనక నిచ్చెన దగ్గర కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవడం అందరికీ ఇష్టం. ఇంజిన్ గానీ, హౌస్‌బోటులో జనరేటర్ గానీ ఆన్‌లో ఉంటే పొగ వచ్చేది కూడా సరిగ్గా అక్కడికే. వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తే ఎండదెబ్బ అనుకుంటాం. ఆరిజోనా, యూటా బోర్డర్‌లో ఉన్న లేక్ పావెల్‌లో హౌస్‌బోట్ల వెనక ఈతకొడుతూ ఇలా చనిపోయినవాళ్ళున్నారు. ఓపెన్ గాలిలో గ్యాస్ ఏం చేస్తుందిలే అనుకోవద్దు. వెనక మనుషులుంటే ఇంజిన్ ఆఫ్. మళ్ళీ ఆఫ్ అంటున్నా, న్యూట్రల్ కాదు.

పెట్రోల్ ఇంజిన్ బోటు లోపల మూసి ఉండే టైప్ అయితే, స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ ఫ్యాన్ నాలుగు నిమిషాలు వేయాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది. ముఖ్యంగా ఆయిల్ పోయించుకున్న వెంటనే. పాంటూన్‌కి మోటారు బయట వేలాడుతుంది కాబట్టి ఈ గొడవ తక్కువ.

సరే, రూల్స్ ఆఫ్ ది రోడ్. రోడ్ లేదనుకోండి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. ముందువాడిని దాటాలంటే దాటేవాడే జాగ్రత్తపడాలి. అడ్డంగా వస్తుంటే మీ కుడి వైపు ఉన్నవాడికి దారి ఇవ్వాలి. దీనికి ఒక అందమైన లాజిక్ ఉంది, ఇంజినీరింగ్ వాళ్ళకి నచ్చుతుంది. రాత్రి ప్రతి బోటుకి ఎడమ వైపు ఎర్ర లైటు, కుడి వైపు పచ్చ లైటు ఉంటాయి. మీ కుడి నుంచి వచ్చేవాడు మీకు తన ఎడమ పక్క చూపిస్తాడు, అంటే మీకు కనపడేది ఎరుపు. ఎరుపు కనిపిస్తే ఆగు. ఎడమ నుంచి వచ్చేవాడు పచ్చ చూపిస్తాడు, వెళ్ళు. సిగ్నల్ లైటు అదే, స్తంభం లేదంతే. కాకపోతే "నాది రైటు" అని మొండిగా వెళ్ళకండి, ఎదుటివాడు కూడా రెంట్ బ్యాచ్ అయి ఉండొచ్చు. కయాక్ అయినా, తెరచాప బోటు అయినా, ఈతగాడు అయినా, మోటారు ఉన్న మనమే తప్పుకోవాలి.

ఒక సైడ్ నోట్. అమెరికాలో సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయాలు కుడి వైపు ఉండాలి. ఇండియాలో దీనికి పూర్తిగా రివర్స్, ఎరుపు ఎడమ వైపు. ప్రపంచాన్ని ఈ విషయంలో రెండు రీజియన్లుగా పంచేశారు, ఇండియా ఎ, అమెరికా బి. కారు డ్రైవింగ్‌తో దీనికి సంబంధం లేదు, కానీ మనకి మాత్రం డబుల్ కన్ఫ్యూజన్.

లేక్ మీద ఎక్కువగా కనిపించేది తెల్ల బోయా మీద ఆరెంజ్ గుర్తు. గుండ్రం ఉంటే రూల్, సాధారణంగా "నో వేక్" అని రాసి ఉంటుంది. డైమండ్ ఉంటే డేంజర్. డైమండ్‌లో క్రాస్ ఉంటే లోపలికి రావొద్దు.

వేక్ అంటే బోటు వెనక లేచే అల. మా అంకుల్‌ని పడేసింది అదే. ఇక్కడే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసిన విషయం ఉంది. పక్కన చిన్న బోటు కనిపించగానే మనం మర్యాదగా కొంచెం స్లో చేస్తాం కదా? అదే తప్పు. బోటు మూడు రకాలుగా నడుస్తుంది. అతి మెల్లగా ఉన్నప్పుడు నీళ్ళలో మునిగి, అల దాదాపు లేకుండా. ఫుల్ స్పీడ్‌లో ఉన్నప్పుడు నీళ్ళ మీదకి లేచి, జారుతూ, చిన్న అలతో. ఈ రెండిటి మధ్యలో ముక్కు పైకెత్తి, వెనక కుంగి, నీళ్ళని నాగలితో దున్నినట్టు దున్నుతుంది. అప్పుడు లేచే అల అన్నిటికంటే పెద్దది. అంటే స్పీడులోంచి "కొంచెం" తగ్గిస్తే పక్కవాడికి ఇంకా పెద్ద అల కొట్టినట్టు. తగ్గించాలంటే పూర్తిగా, ముందే తగ్గించాలి, లేదా దూరంగా పోవాలి. మా పక్కన వెళ్ళిన ఆ బోటు అతను నిజానికి మమ్మల్ని చూసి స్లో చేశాడు. చెయ్యి కూడా ఊపాడు. పాపం, మంచివాడు. మీ అల వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, కట్టేసిన బోటు పాడైనా బాధ్యత మీదే. ఆ అలలే ఒడ్డుని కోసేస్తాయి, అడుగున బురద లేపుతాయి. కావాలని బరువు నింపుకుని పెద్ద అల లేపే వేక్‌సర్ఫ్ బోట్ల మీద యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళు 2022లో ఒక స్టడీ ఇచ్చారు. మామూలు బోటు అల 200 అడుగుల దూరంలో ఎంత ఉంటుందో, ఆ స్థాయికి తగ్గడానికి వీటికి 500 అడుగుల పైనే కావాలట.

అల లాగే సౌండ్ కూడా. నీళ్ళ మీద సౌండ్ చాలా దూరం పోతుంది. మనం మన బోటులో డీజే పాట పెడితే మూలన గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయనకి లిరిక్స్‌తో సహా వినిపిస్తుంది. ఆయనకి తెలుగు రాదు. తెలుగు వచ్చినా ఆ పాట అక్కర్లేదు.

చివరిగా, ఇల్లు. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మెకిన్నీలో ఉండే మనవాళ్ళూ, ఇది మీకోసం. మీ కుళాయిలో నీళ్ళు ఎక్కడివో తెలుసా? వాటిలో కొన్ని టెక్సాస్, ఓక్లహోమా బోర్డర్‌లో ఉన్న లేక్ టెక్సోమావి. 2009లో ఆ లేక్‌లో జీబ్రా మసెల్స్ అనే చారల ఆల్చిప్పలు దొరికాయి. గోరంత సైజు. వీటి పిల్లలు కంటికి కనపడవు, పెరిగాక పైపుల్లో గుంపులుగా అతుక్కుని పూడ్చేస్తాయి. అప్పటిదాకా టెక్సోమా నీళ్ళని ఒక వాగులోకి వదిలి లావన్ లేక్‌కి పంపేవాళ్ళు. అలాగే పంపితే ఇవి లావన్‌కి కూడా పాకుతాయని ఆ నీళ్ళు ఆపేశారు. తర్వాత 46 మైళ్ళ పైపులైన్ నేరుగా శుద్ధి ప్లాంటు దాకా వేసి, 2014లో మళ్ళీ మొదలుపెట్టారు. ఖర్చు సుమారు 300 మిలియన్ డాలర్లు. గోరంత ఆల్చిప్ప కోసం.

ఇవి ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి నడిచి వెళ్ళవు. బోటులో మిగిలిన నీళ్ళలో, మోటారులో, లంగరు తాడులో, ట్రైలర్‌కి చుట్టుకున్న నాచులో వెళ్తాయి. అందుకే టెక్సాస్‌లో లేక్ నుంచి బయటికి రాగానే బోటులో ఉన్న నీళ్ళన్నీ వదిలేయాలని చట్టం. అడుగున ప్లగ్ తీసేయాలి, చేపల ట్యాంక్ ఖాళీ చేయాలి, అతుక్కున్న నాచు పీకేయాలి, ఇంకో లేక్‌లో దింపే ముందు ఒక వారం ఆరబెట్టాలి. రెంట్ బోటు అక్కడే ఉంటుంది కాబట్టి మనకి సంబంధం లేదు. కానీ ఇద్దరు ముగ్గురు కలిసి సెకండ్ హ్యాండ్ జెట్ స్కీ కొనుక్కునే బ్యాచ్‌లు ఈమధ్య ఎక్కువయ్యాయి, వాళ్ళకి మాత్రం పూర్తిగా సంబంధం ఉంది. జెట్ స్కీ కడుపులో కూడా నీళ్ళు మిగులుతాయి.

పెట్రోల్ పోసేటప్పుడు ట్యాంక్ అంచుదాకా నింపొద్దు, ఎండకి వ్యాకోచించి బయటికి వచ్చేస్తుంది. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కనిపిస్తే చాలామంది డిష్ సోప్ పోస్తారు, తెట్టు మాయమైపోతుంది. మాయం కాదు, అడుక్కి దిగుతుంది. అమెరికాలో అది చట్టవిరుద్ధం కూడా. గుడ్డతో పీల్చాలి, చెప్పాల్సినవాళ్ళకి చెప్పాలి.

ఒక్క విషయం మిగిలింది, ఇది నాకు కోపం తెప్పించే విషయం. టెక్సాస్‌లో 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 15 హార్స్ పవర్ దాటిన మోటారు బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. అంటే మనమందరం. కానీ రెంట్ కస్టమర్లకి ఇందులో మినహాయింపు ఉంది. జీవితంలో మొదటిసారి స్టీరింగ్ పట్టుకునేవాడికే కోర్సు అక్కర్లేదు! 2023 లెక్కల్లోనే, నడిపేవాడికి ట్రైనింగ్ ఉందో లేదో తెలిసిన మరణాల్లో సుమారు ముప్పావు వంతు సేఫ్టీ ట్రైనింగ్ లేనివాళ్ళు నడిపిన బోట్ల మీద జరిగినవే. చట్టం అడగకపోయినా మీరు చేసేయండి. ఒక వీకెండ్ సాయంత్రం పని, రెండు సినిమాలు చూసే టైమ్. లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

అంకుల్ ఇప్పుడు కరీంనగర్‌లో బాగానే ఉన్నారు. ఈ ఎపిసోడ్ చేస్తున్నా, మీ కథ చెప్పొచ్చా అని ఫోన్ చేశాను. "చెప్పు బాబూ, కానీ జాకెట్ వేసుకోమన్నది మీ ఆంటీ అని మాత్రం చెప్పకు, ఇంట్లో ఇప్పటికే రోజూ వింటున్నా" అన్నారు. సారీ అంకుల్, చెప్పేశాను.

డౌట్స్ ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే వారం మళ్ళీ ఫోన్ల దగ్గరికి వెళ్దాం. బై.